సున్నా పాయింట్ మూడు నాలుగు

నల్లగొండల మా ఆఫీసు వెనక గదిలో
తలుపు పక్కన సంచుల కుప్ప.
ప్రతి సంచి మెడకు ఒక దారం, దారానికి ఒక చీటీ,
చీటీ మీద ఊరు, సర్వే నంబరు.
పేర్లు చదవను నేను.
పదకొండేండ్ల సంది నాకు తెలిసింది
ఒక్కొక్క గ్రాము మట్టి మాత్రమే.

జల్లెడ పట్టిన పొడి మీద
నారింజ రంగు మందు పోస్త, మీదికెల్లి ఆమ్లం.
సీసా చెయ్యి కాలేటంత వేడెక్కుతది.
అరగంట దాని జోలికి పోవద్దు.
తర్వాత చుక్క చుక్క దించుతుంటే
నారింజ పోయి పచ్చబడుతది,
పచ్చ మీద ఇంకొక్క చుక్క...
ఇటుక రంగు.
అచ్చం మర్రిగూడ దిక్కు చెల్కల రంగు.
అక్కడ చెయ్యి ఆపి, గాజు గొట్టం మీద గీత చదివి
రాస్త: సేంద్రియ కర్బనం, సున్నా పాయింట్ మూడు ఒకటి.

ఆ అంకె పట్టుకొని ఒకామె వచ్చింది.
నర్రా ఈదమ్మ. చేతిల కార్డు తలకిందులుగున్నది.
"నా చెల్కకు ఏం తక్కువైంది సారూ?"
కర్బనం, అన్న.
"గదేంది?"
బొగ్గసొంటిదమ్మా, అన్న తొందరల.
ఆమె నా మొహం దిక్కే చూసింది.
"ఏటా మాఘంల పత్తి కట్టె కుప్పేసి కాలవెడుతున్న గద.
మూడెకరాల బొగ్గు నా తానే ఉండాలె మరి?"

పుస్తకంలున్నది, నోటికి రాలేదు.
కాలిన కట్టెకు నేల మీద మిగిలేది పిడికెడు బూడిద,
దాన్నీ గాలి ఉండనియ్యదు.
మిగతాదంతా మొగులుకిచ్చిన అప్పు.
వసూలు చేసుకొచ్చేది ఆకు ఒక్కటే,
ఆ ఆకునే మనం అగ్గిల వేస్తం.
ఇదంతా చెప్తే వింటదా అనుకుంటుండగనే
"కట్టెల గులాబి పురుగు దాగుంటది, తగలవెట్టుమన్నది
మీ ఆఫీసోళ్లే" అన్నది.
అదీ నిజమే.

గట్టు మట్టి తెస్తవా అని అడిగిన.
మళ్ల వారం కొంగున కట్టుకొని తెచ్చింది.
తంగేడు మొలిచి, గరిక అల్లుకొని
నాగలి పోని, రోటవేటర్ పండ్లకందని
జానెడు నేల అది.
సున్నా పాయింట్ ఏడు రెండు.
ఒక్కటే చేను, ఒక్కటే వాన.
"అంటే నేను కష్టం చేసినకాడ సచ్చి
చెయ్యనికాడ బతికిందా?"
నవ్వింది. నవ్వుల కొంచెం తిట్టు కూడ ఉన్నది.

ఆ ఏడు పత్తి తొందరగ తీసేసి
మిషన్ కిరాయికి తెచ్చి కట్టె నరికి పరిచిందట.
నడుమ కంది సాళ్లు పెట్టిందట.
కురుమ బీరయ్యతోని బేరమాడి
మూడు రాత్రులు మంద ఆపిచ్చిందట.
రాత్రికి ఇన్ని పైసలు, బియ్యం;
మూడో రాత్రి గొర్రెలు కంది మేసినయని
ఇద్దరూ మాట్లాడుకోలేదు నెల రోజులు.
ఇంకో ఏడు జ్వరమొచ్చి, కూలీలు దొరకక
ఒక ఎకరం కాలవెట్టింది.
ఆ మాట తనే చెప్పింది, నేనడగకముందే.

మూడేండ్లకు మళ్ల సంచి వచ్చింది.
ఈసారి చీటీ మీద పేరు చదివిన.
ఇటుక రంగు కాడ చెయ్యి ఆగింది.
సున్నా పాయింట్ మూడు నాలుగు.
మళ్లొకసారి చేసిన. అంతే.
"గొట్టం తప్పే అంతుంటది" అన్నడు మా పెద్దసారు,
చష్మా తుడుసుకుంట.

ఈదమ్మ కార్డు సక్కగనే పట్టుకున్నది గాని చూడలేదు.
బస్సుకింకా టైముంది.
చాయ్ హోటల్ల రెండు గ్లాసుల నీళ్లడిగి
సంచిలకెల్లి రెండు పెల్లలు తీసింది.
పక్క చేనిది నీళ్లు ముట్టంగనే బుసబుస పొంగి
కూలి, ఎర్రటి చాయైంది.
తనది కూసున్నది.
అంచుల నాలుగు బుగ్గలొదిలి
లోపల సన్నటి వేర్లతోని పిడికిలి బిగించుకొని
కూసున్నది.

"ఎంతసేపుంటదో చూద్దం" అన్నది.
నేను గడియారం చూసుకున్న.
హోటలాయన గ్లాసులకు పైసలడుగుతుండు.
దేవరకొండ బస్సు వచ్చి హారన్ కొట్టింది.
ఆమె లేవలేదు.